రెండు రన్‌లు ఒకేసారి వస్తే ఏది ఆగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ ఉద్యోగాల పేజీలో డెవాప్స్ (రాసిన కోడ్‌ని పరీక్షించి సర్వర్ల దాకా చేర్చే పని) కోర్సుల మీద వచ్చిన వ్యాసం చదివాను. డాకర్, కుబర్నెటిస్, జెంకిన్స్, టెర్రాఫామ్ అంటూ నేర్చుకోవాల్సినవన్నీ వరుసగా ఇచ్చారు, జీతాల సంగతీ రాశారు, బాగానే ఉంది. పైప్‌లైన్ (కోడ్ మారగానే ఆ పరీక్షలూ పంపకాలూ వాటంతట అవే జరిగే ఏర్పాటు) తయారు చెయ్యడం వస్తే ఉద్యోగం వచ్చినట్టే అన్న ధోరణి మాత్రం నాకు నచ్చలేదు. పైప్‌లైన్ రాయడం ఇవాళ పెద్ద పనేమీ కాదు, ఎవరిదో ఒక ఫైలు కాపీ చేసుకుని నాలుగు పేర్లు మారిస్తే పచ్చ టిక్కు వచ్చేస్తుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఒకే పైప్‌లైన్ ఒకేసారి రెండుసార్లు మొదలైతే ఏం జరగాలి? ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి, దేన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మధ్యలో ఆపకూడదు? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల నాకు ఇచ్చిన కరపత్రాల్లో గానీ, మీ వ్యాసంలో గానీ ఈ ముక్క కనపడలేదు. ఇంటర్వ్యూలకు వచ్చిన పిల్లల్ని అడిగితే "క్యాన్సిల్ ఇన్ ప్రోగ్రెస్ ట్రూ అని పెడితే సరిపోతుంది సార్" అంటున్నారు, అంటే కొత్తది రాగానే నడుస్తున్నదాన్ని ఆపెయ్యమని చెప్పే సెట్టింగ్. సరిపోదు, కొన్నిచోట్ల అదే ముంచుతుంది. ఆ ఒక్క విషయం మీదే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

సాఫ్ట్‌వేర్ పనిలో లేనివాళ్ళ కోసం రెండు మాటలు. టీమ్‌లో ఎవరైనా కోడ్ మార్చి పుష్ చెయ్యగానే, అంటే అందరి కోడ్ ఉండే చోటికి (దాన్ని రిపో అంటారు, గిట్‌హబ్ అలాంటి రిపోలు పెట్టుకునే సైటు) పంపగానే, ఎక్కడో ఒక మెషిన్ ఆ కోడ్ తెచ్చుకుని, బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, బాగుందో లేదో చెబుతుంది. దీన్నే సీఐ అంటారు. ఒక్కో పుష్‌కి ఒక్కో రన్. మెయిన్ బ్రాంచ్‌లో (ఇది అసలు ప్రతి, మిగతా బ్రాంచ్‌లు ఎవరి పని వాళ్ళు చేసుకునే విడి ప్రతులు) కలిపాక, అంటే మెర్జ్ చేశాక, అదే కోడ్‌ని తీసుకెళ్ళి జనం వాడే సర్వర్ల మీద పెట్టే పని (డిప్లాయ్) కూడా చాలా చోట్ల ఇదే పైప్‌లైన్ చేస్తుంది. అంటే పరీక్షించడం, పంపించడం, రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. గొడవంతా ఇక్కడే పుడుతోంది.

ముందు పరీక్షల సంగతి, ఎందుకంటే అది తేలిక. ఒకమ్మాయి పుల్ రిక్వెస్ట్ (తన మార్పుని మెయిన్‌లో కలపమని అడిగే అర్జీ) తెరిచింది, టెస్టులు మొదలయ్యాయి, వెంటనే ఒక స్పెల్లింగ్ తప్పు కనపడి దిద్ది మళ్ళీ పుష్ చేసింది, ఇంకో నిమిషంలో మూడోది. మొదటి రెండు రన్‌ల ఫలితం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, అయినా అవి నడుస్తూనే ఉంటాయి. పైథాన్‌వి మూడు వెర్షన్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు మూడు (వాటిలో ఒకటి మాక్) పెట్టారనుకోండి, ఒక్క పుష్‌కి 9 జాబ్‌లు (విడివిడి పనులు), మూడు పుష్‌లకి 27. గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో ఖాతా మొత్తానికి ఒకేసారి నడిచేవి 20 జాబ్‌లే, అందులో మాక్ మెషిన్ల మీద 5 మాత్రమే. అంటే రెండో పుష్ దగ్గరే మాక్ క్యూ మొదలైపోతుంది, మూడోదానికి 20 కూడా దాటిపోయి చాలా జాబ్‌లు ఆగిపోతాయి, ఆమెకి కావాల్సింది ఆ మూడోదే! ప్రైవేట్ రిపోలకి నెలకు 2000 నిమిషాలే ఉచితం, ప్రతి జాబ్‌నీ పై నిమిషానికి రౌండ్ చేస్తారు కాబట్టి 20 సెకన్ల లింట్ (కోడ్ రాతలో తప్పులు చూసే) జాబ్ కూడా ఒక నిమిషం కిందే పోతుంది, మాక్ నిమిషాన్ని చాలాకాలం లైనక్స్ నిమిషానికి 10 రెట్లుగా లెక్కపెట్టారు. అమెరికా క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ టీమ్‌లకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మనకి సాయంత్రం ఆరున్నర, ఏడున్నర అయ్యేసరికి న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిది, ఇక్కడివాళ్ళు ఇంటికెళ్ళే ముందు పుష్ చేస్తారు, అక్కడివాళ్ళు రాగానే పుష్ చేస్తారు, ఇక ఆ గంటసేపు "క్యూడ్" అన్న పసుపు చుక్కని చూస్తూ కూర్చోవడమే.

దీనికి మందు 2021లోనే వచ్చింది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లోనే ఉండే పైప్‌లైన్ ఏర్పాటు) కంకరెన్సీ అని మూడు లైన్లు రాయొచ్చు, ఒక గ్రూప్ పేరు పెట్టి, అదే గ్రూప్‌లో కొత్త రన్ వస్తే పాతదాన్ని ఆపెయ్యి అని చెప్పొచ్చు. సింగిల్ లైన్ రైలు మార్గంలో టోకెన్ చేతికి రానిదే డ్రైవర్ సెక్షన్‌లోకి పోడు చూడండి, గ్రూప్ పేరు అలాంటి టోకెనే, ఒక పేరుకి ఒకటే. పుల్ రిక్వెస్ట్ టెస్టులకి ఈ మూడు లైన్లు పెట్టని రిపో ఇవాళ ఉండకూడదు అని నా అభిప్రాయం. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ గ్రూప్ పేరు దగ్గర మొదలవుతుంది. చాలామంది బ్రాంచ్ పేరు ఒక్కటే పెడతారు. అప్పుడు ఒకే బ్రాంచ్ మీద నడిచే లింట్ వర్క్‌ఫ్లో (ఒక్కో పైప్‌లైన్ ఫైల్‌నీ వర్క్‌ఫ్లో అంటారు), టెస్ట్ వర్క్‌ఫ్లో ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ఎందుకంటే గ్రూప్ పేరు రిపో మొత్తానికి ఒకటే, ఫైల్‌కి ఒకటి కాదు. కాబట్టి వర్క్‌ఫ్లో పేరు కూడా కలపాలి. కొందరు బ్రాంచ్ పేరు కోసం హెడ్ రెఫ్ అనే వేరియబుల్ వాడతారు. అది పుల్ రిక్వెస్ట్‌లో తప్ప మిగతా చోట్ల ఖాళీగా ఉంటుంది, అంటే మెయిన్‌కి వచ్చే పుష్‌లన్నీ ఒకే పేరు కింద పడతాయి. పైగా అందులో ఉండేది వట్టి బ్రాంచ్ పేరే, ఎవరి ఫోర్క్ (రిపోకి ఎవరికి వారు తీసుకున్న కాపీ) నుంచి వచ్చిందో ఉండదు. బ్రౌజర్‌లోనే ఎడిట్ చేసి పంపేవాళ్ళకి గిట్‌హబ్ తనంతట తానే ప్యాచ్-1 అని బ్రాంచ్ పేరు ఇస్తుంది కదా, ఓపెన్ సోర్స్ రిపోలో ఇద్దరు కొత్తవాళ్ళు ఒకే సమయంలో అలా పంపితే ఒకరి టెస్టుల్ని ఇంకొకరు ఆపేస్తారు, ఎందుకు ఆగిందో ఇద్దరికీ అర్థం కాదు. దాని బదులు రెఫ్ అనే ఇంకో వేరియబుల్ వాడితే అందులో పుల్ రిక్వెస్ట్ నంబరే ఉంటుంది, ఈ బాధ లేదు. గ్రూప్ పేర్లలో పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు తేడా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి, క్యాపిటల్ పీతో ప్రొడ్ అని ఒక చోట, చిన్న పీతో ప్రొడ్ అని ఇంకో చోట రాసి అవి వేరు గ్రూపులు అనుకోవద్దు. ఇంకోటి, ఒక వర్క్‌ఫ్లో నుంచి ఇంకో వర్క్‌ఫ్లోని పిలిచే పద్ధతిలో, లోపలిదానిలో కూడా వర్క్‌ఫ్లో పేరు అడిగితే పిలిచినదాని పేరే వస్తుంది. రెండిటిలోనూ అవే మూడు లైన్లు అతికిస్తే అది తనకోసం తానే ఎదురుచూస్తుంది, డెడ్‌లాక్ అని ఎర్ర అక్షరాల్లో చూపించి క్యాన్సిల్ అయిపోతుంది. దీన్ని చూసి గిట్‌హబ్‌కే ఏదో అయింది అనుకునేవాళ్ళు ఎక్కువ.

రాత్రి టెస్టుల సంగతి కూడా చెప్పాలి. రోజూ అర్ధరాత్రి దాటాక నడిచేలా అదే ఫైల్లో షెడ్యూల్ పెడతారు, అది మెయిన్ బ్రాంచ్ మీదే నడుస్తుంది, గ్రూప్ పేరు కూడా మెయిన్ పుష్‌ల పేరే అవుతుంది. మన అర్ధరాత్రి అమెరికాలో పగలు, వాళ్ళు ఒక్క పుష్ చేస్తే చాలు రాత్రి టెస్ట్ పోయింది. బూడిదరంగు గుర్తు వస్తుంది, ఎరుపు కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇలా వారాల తరబడి ఒక్కసారి కూడా పూర్తవ్వని రాత్రి టెస్టులు ఉంటాయి, వాటి పేరు చెప్పి "మాకు ఫుల్ రిగ్రెషన్ ఉంది" (పాతవేవీ చెడలేదని చూసే పూర్తి పరీక్ష) అని క్లయింటుకి స్లైడ్లు చూపిస్తుంటారు. రన్‌ని మొదలుపెట్టింది పుష్షా షెడ్యూలా అని చెప్పే ఈవెంట్ పేరు కూడా గ్రూప్‌లో కలిపితే అయిపోయే పని.

ఇక డిప్లాయ్. నేను ఇంత ఉత్తరం రాయడానికి కారణం ఇదే. పరీక్షని మధ్యలో ఆపితే పోయేదేమీ లేదు, మళ్ళీ పెట్టుకోవచ్చు. పంపకాన్ని మధ్యలో ఆపితే సగం పంపినట్టు. ఆ మూడు లైన్లు ఫైలు పైభాగాన పెడితే టెస్టులకీ డిప్లాయ్‌కీ కలిపి వర్తిస్తాయి, మెయిన్‌లోకి రెండో మెర్జ్ రాగానే మొదటి డిప్లాయ్ ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది. ఎంత టైమ్ ఇస్తుందో తెలుసా? క్యాన్సిల్ అనగానే నడుస్తున్న ప్రాసెస్‌కి కంట్రోల్-సీ కొట్టినట్టు ఒక సిగ్నల్ వెళ్తుంది, ఏడున్నర సెకన్లు ఆగి ఇంకో సిగ్నల్, ఆ తర్వాత రెండున్నర సెకన్లకి చంపేస్తుంది. మొత్తం 10 సెకన్లు. డేటాబేస్ మైగ్రేషన్ (టేబుళ్ళ రూపం మార్చే పని) నడుస్తూ ఉండగా 10 సెకన్లలో ఏం సర్దుకుంటుంది? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే టేబుల్ మార్పులు కూడా ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవ్వాలి, లేకపోతే ఏదీ అవ్వకూడదు) పెట్టుకోవచ్చు కాబట్టి, అలా పెట్టి ఉంటే, వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఆల్టర్ టేబుల్ (టేబుల్‌ని మార్చే ఆజ్ఞ) అనగానే దానంతట అదే ఖాయమైపోతుంది, 5 ఆల్టర్‌లలో 2 అయ్యాక తెగితే ఆ 2 అలాగే ఉంటాయి, తర్వాతి రన్ వచ్చి మొదటి ఆల్టర్ మళ్ళీ చెయ్యబోయి "ఈ కాలమ్ ఇప్పటికే ఉంది" అని పడిపోతుంది. టెర్రాఫామ్ (క్లౌడ్‌లో సర్వర్లూ డేటాబేస్‌లూ తయారుచేసే టూల్) అయితే మర్యాదగా ఆగడానికి ప్రయత్నిస్తుంది గానీ, క్లౌడ్‌లో ఒక డేటాబేస్ తయారవ్వడానికే నిమిషాలు పడుతుంటే 10 సెకన్లు ఏ మూలకి? ప్రాసెస్ చచ్చాక స్టేట్ లాక్ (ఒకసారికి ఒకరే మార్చేలా వేసే తాళం) అలాగే ఉండిపోతుంది, తర్వాతి ప్రతి రన్‌కీ లాక్ దొరకలేదని ఎర్రర్, అప్పుడు ఎవరో ఒకరు ఫోర్స్ అన్‌లాక్ కొడతారు, ఆ సమయంలో నిజంగానే ఇంకో అప్లయ్ (మార్పులు చేసే రన్) నడుస్తోందా అని చూసేవాళ్ళు తక్కువ.

సగం డిప్లాయ్ అంటే ఏమిటో తెలియాలంటే 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ కంపెనీకి జరిగింది చదవమని విద్యార్థులకు చెప్పండి. 8 సర్వర్లలో 7 మీద కొత్త కోడ్ పెట్టారు, ఒకదాని మీద పెట్టలేదు. మార్కెట్ తెరిచాక దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోయాయి. అది చేత్తో చేసిన డిప్లాయ్, క్యాన్సిల్ వల్ల జరిగింది కాదు, నిజమే. కానీ 8 సర్వర్ల మీద వరుసగా పెట్టుకుంటూ పోయే స్క్రిప్ట్‌ని మధ్యలో ఆపితే మిగిలేది కూడా సరిగ్గా అదే స్థితి.

సరే, ట్రూ బదులు ఫాల్స్ పెడదాం, ఒకటి పూర్తయ్యేదాకా ఇంకోటి ఆగుతుంది, అంటారు కొంచెం తెలిసినవాళ్ళు. సరైన దారే, కానీ అక్కడ కూడా ఒక మెలిక ఉంది, సీనియర్లకి కూడా చాలామందికి తెలియదు. మామూలుగా ఆ గ్రూప్‌లో నడిచేది ఒకటి, వేచి ఉండేది ఒకటే. మూడోది వస్తే వేచి ఉన్నదాన్ని తీసేసి ఆ చోటు మూడోదానికి ఇస్తారు. ఫాల్స్ అన్నది నడుస్తున్నదాన్ని కాపాడుతుంది, క్యూలో ఉన్నదాన్ని కాదు! ప్రతి డిప్లాయ్ మొత్తం కోడ్‌ని పంపేదైతే నష్టం లేదు, మూడోదానిలో రెండోదాని మార్పులు కూడా ఉంటాయి. కానీ ఈ మధ్య ఒకే రిపోలో బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్), ఫ్రంటెండ్ (జనానికి కనపడే వైపు కోడ్) అన్నీ పెట్టుకుని, చివరి పుష్‌లో ఏ ఫోల్డర్ మారిందో చూసి దాన్ని మాత్రమే డిప్లాయ్ చేసే అలవాటు పెరిగింది. రెండో పుష్ బ్యాకెండ్ మార్చింది, క్యూలో ఉంది. మూడో పుష్ ఫ్రంటెండ్ మార్చింది, రెండోదాన్ని తోసేసి కూర్చుంది. ఇప్పుడు ఫ్రంటెండ్ వెళ్తుంది, బ్యాకెండ్ ఎప్పటికీ వెళ్ళదు, మళ్ళీ ఎవరైనా ఆ ఫోల్డర్‌లో వేలు పెట్టేదాకా. ఇలాంటి చోట చివరి కమిట్‌తో (కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పునీ కమిట్ అంటారు) పోల్చకూడదు, సర్వర్ మీద ఇప్పుడు ఏ కమిట్ నడుస్తోందో దానితో పోల్చాలి. ప్రతి కమిట్‌కీ విడిగా ప్యాకేజీ వెర్షన్ విడుదల చేసేవాళ్ళయితే గ్రూప్ పేరులో కమిట్ గుర్తు కూడా చేర్చాలి, లేకపోతే మధ్య వెర్షన్లు మాయమవుతాయి. ఇంకో సంగతి, ఒకే గ్రూప్‌లో ఆగినవి వచ్చిన వరుసలోనే నడుస్తాయన్న హామీ లేదని గిట్‌హబ్ డాక్యుమెంట్లలోనే రాసి ఉండేది, మనవాళ్ళు అంతదూరం చదవరు.

అసలు గ్రూపే పెట్టకపోతే ఏమవుతుందో నేను పనిచేసిన ఒక క్లయింటు దగ్గర చూశాను, పేరెందుకు లెండి. శుక్రవారం సాయంత్రం రెండు మెర్జ్‌లు వెంటవెంటనే అయ్యాయి. మొదటిదానికి క్యాష్ (ముందే దాచిపెట్టిన ఫైళ్ళు) దొరక్క బిల్డ్ నెమ్మదించింది, రెండోది చకచకా అయిపోయి ముందు ప్రొడక్షన్‌కి (జనం వాడే సర్వర్లకి) వెళ్ళిపోయింది. కాసేపటికి మొదటిది తాపీగా వచ్చి దాని మీద కూర్చుంది. అంటే కొత్త కోడ్‌ని పాత కోడ్ తుడిచేసింది, రెండు రన్‌లకీ పచ్చ టిక్కులే! పేమెంట్ పేజీలో సరిచేసిన తప్పు మళ్ళీ వస్తోందని ఫోన్లు. బ్రౌజర్ క్యాష్ అన్నారు, సీడీఎన్ (ఫైళ్ళ కాపీలు పంచే మధ్య సర్వర్లు) అన్నారు, కస్టమర్‌ని యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసుకోమన్నారు, పాపం ఆయన వేసుకున్నాడు కూడా. సర్వర్ మీద ఏ కమిట్ ఉందో చూడాలన్న ఆలోచన ఎవరికో రాత్రి పొద్దుపోయాక వచ్చింది. ఎర్రర్ వస్తే ఎవరైనా పట్టుకుంటారు, ఎర్రర్ లేకుండా పాత కోడ్ వచ్చి కూర్చుంటే టెన్షన్ ఎవరికీ ఉండదు, కస్టమర్‌కి తప్ప.

ఇది ఒక్క గిట్‌హబ్ గోల కాదు. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఇంటరప్టిబుల్ అని ఒక్కో జాబ్‌కి విడిగా రాయొచ్చు, ఈ జాబ్‌ని ఆపినా పర్లేదు అని మనం చెబితేనే అది ఆపదగిన జాబ్ అవుతుంది. నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ప్రతి జాబ్ దగ్గరా "దీన్ని ఆపొచ్చా?" అని ఆలోచించక తప్పదు. డిప్లాయ్‌లు ఒకదాని తర్వాత ఒకటే నడిచేలా రిసోర్స్ గ్రూప్ ఉంది, పాతవి ముందు పోవాలా కొత్తవి ముందు పోవాలా అన్నది కూడా చెప్పుకోవచ్చు, పైన చెప్పిన శుక్రవారం గొడవలాంటిది రాకుండా పాతబడిన డిప్లాయ్‌ని అడ్డుకునే సెట్టింగ్ కూడా ఉంది. మన సర్వీస్ కంపెనీల్లో ఇంకా గట్టిగా నడుస్తున్న జెంకిన్స్ అనే పైప్‌లైన్ టూల్‌లో డిజేబుల్ కంకరెంట్ బిల్డ్స్ అని ఒక ఆప్షన్, దానికే పాతదాన్ని ఆపమని చెప్పే అబార్ట్ ప్రీవియస్, ఒక సర్వర్‌నో ఎన్విరాన్‌మెంట్‌నో పట్టుకుని ఉంచే లాక్, కొత్త బిల్డ్ దాటిన గీతని పాత బిల్డ్ దాటకుండా ఆపే మైల్‌స్టోన్. అన్నీ ఉన్నాయి, పేర్లే వేరు.

ఎలా పెట్టాలి అంటారా, టెస్టులూ డిప్లాయ్ వేరు వేరు ఫైళ్ళలో పెట్టండి, లేదా కనీసం కంకరెన్సీ లైన్లని ఫైలు పైన కాకుండా ఒక్కో జాబ్ కింద రాయండి. పుల్ రిక్వెస్ట్ టెస్టులకి ఆపడం ఉండాలి. మెయిన్ మీద టెస్టుల్ని నేనైతే ఆపను, ఏ కమిట్ దగ్గర చెడిందో తర్వాత వెతుక్కోవాలంటే ప్రతిదానికీ ఫలితం ఉండాలి, నిమిషాలకి కటకటగా ఉంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు. డిప్లాయ్‌కి గ్రూప్ పేరులో స్టేజింగా (ముందుగా చూసుకునే సర్వర్లు) ప్రొడక్షనా అన్నది మాత్రమే ఉండాలి, బ్రాంచ్ ఉండకూడదు, ఎందుకంటే హాట్‌ఫిక్స్ (అర్జెంటు దిద్దుబాటు) బ్రాంచ్ నుంచి వచ్చినా మెయిన్ నుంచి వచ్చినా పోయే సర్వర్ ఒకటే. ఆపడం అసలు ఉండకూడదు. సర్వర్ మీద పెట్టబోయే ముందు నాకంటే కొత్త కమిట్ ఇప్పటికే అక్కడ ఉందా అని స్క్రిప్ట్‌లో ఒక చిన్న తనిఖీ ఉంటే ఇంకా మంచిది. చివర్లో శుభ్రం చేసే స్టెప్పులకి ఆల్వేస్ అని రాసే అలవాటు కూడా చూసుకోవాలి, క్యాన్సిల్ చేసినా అవి నడుస్తాయి, గంటసేపు నడిచే టెస్ట్ స్టెప్పుకే ఆల్వేస్ పెట్టి "క్యాన్సిల్ పనిచెయ్యట్లేదు" అని గొడవ చేసేవాళ్ళని చూశాను.

మెర్జ్ క్యూ అని ఇంకో సంగతి ఉంది, విడివిడిగా పచ్చగా ఉన్న రెండు పుల్ రిక్వెస్ట్‌లు కలిపితే విరగొచ్చు, ఒకరు ఫంక్షన్ పేరు మారుస్తారు, ఇంకొకరు పాత పేరుతో పిలుస్తారు, దాన్ని కలిపే ముందే కలిపి పరీక్షించడానికి గిట్‌హబ్‌లో 2023 నుంచి పూర్తిస్థాయిలో ఉంది, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ ట్రెయిన్ పేరుతో అంతకంటే ముందే ఉంది. అది పెద్ద టీమ్‌ల అవసరం, ఇప్పుడే కోర్సు చేసి వచ్చే పిల్లలకి అంత తొందర లేదు.

మీ ఉద్యోగాల పేజీ వాళ్ళకీ, కోర్సులు చెప్పేవాళ్ళకీ నా మనవి ఒకటే. ల్యాబ్‌లో పైప్‌లైన్ పచ్చగా రాగానే స్క్రీన్‌షాట్ తీసి సర్టిఫికెట్ ఇచ్చెయ్యకండి. అదే పైప్‌లైన్‌కి డిప్లాయ్ స్టెప్పులో రెండు నిమిషాల స్లీప్ (కావాలని ఆగడం) పెట్టించి, వెంటవెంటనే మూడు పుష్‌లు చేయించి, ఏది నడిచింది, ఏది ఆగింది, ఏది మాయమైంది, చివరికి సర్వర్ మీద ఏ కమిట్ మిగిలింది అని వాళ్ళ చేతే కాగితం మీద రాయించండి. ఒక పూట పని. దానికి డబ్బు ఖర్చు కూడా లేదు, పబ్లిక్ రిపో అయితే గిట్‌హబ్ మామూలు రన్నర్లు (రన్‌లు నడిపే మెషిన్లు) ఉచితమే. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా సీఐకీ సీడీకీ (పంపకం వైపు) తేడా ఏమిటి అన్న పాచి ప్రశ్న మానేసి ఇది అడిగి చూడండి: "మెయిన్‌లోకి రెండు నిమిషాల తేడాతో మూడు మెర్జ్‌లు వచ్చాయి, ఒక్కో డిప్లాయ్‌కి పది నిమిషాలు పడుతుంది, రెండోదానిలో డేటాబేస్ మైగ్రేషన్ ఉంది. మీ ఫైలు ఎలా రాస్తారు?"

ఇట్లు,
ఒక డెవాప్స్ ఇంజినీరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్
(పేరు వెయ్యవద్దని మనవి)